చుట్టున్నర తీగ

1986 సెప్టెంబరు పద్నాలుగు, ఆదివారం. ఆ మధ్యాహ్నం తెనాలిలో భుజంగరావు మాస్టారు తిన్నవి అడుగంటిన దొండకాయ వేపుడు, పక్కింటివాళ్ళు పంపిన గ్లాసుడు మజ్జిగ. వేపుడు మాడిన సంగతి ఆయనకు తెలియలేదు. కుడిచేత్తో అన్నం కలుపుతూ ఎడమచేత్తో కాగితం మీద లెక్క కడుతున్నారు. ఆ లెక్క నాది. అది తేలాక చెయ్యి కడుక్కున్నారు. నూనె జిడ్డు పోలేదని సబ్బుతో మళ్ళీ కడుక్కున్నారు. అప్పుడు నన్ను చుట్టడం మొదలుపెట్టారు.

నేను ఒక రాగి కాయిల్‌ని. రేడియో యాంటెనాకు నడుము దగ్గర కూర్చునే రకం. లోడింగ్ కాయిల్ అంటారు. పేరు బరువుగా ఉంటుంది గానీ పని సున్నితమైనది. మాస్టారు వాడే రేడియో తరంగానికి యాంటెనా ముప్పైమూడు అడుగులుండాలి. అంత పొడుగు కమ్మీని నదీతీరంలో నిలబెడితే మొదటి గాలివానకే పడుకుంటుంది. అందుకని ఎనిమిది అడుగుల కమ్మీ నిలబెట్టి, మధ్యలో నన్ను బిగిస్తారు. మిగిలిన పాతిక అడుగులూ ఉన్నట్టు తరంగాన్ని నమ్మించే పూచీ నాది. నేను అబద్ధమాడతానని మీరనుకోవచ్చు. నేను అన్న మాట చివరికి నిజమవుతుంది కాబట్టి దాన్ని అబద్ధమనడం న్యాయం కాదు.

నా పూర్వం గొప్పదేమీ కాదు. మోటార్లు వైండింగ్ చేసే కొట్లో ఒక కండె మీద ఉండేదాన్ని. నా తోబుట్టువులు పొలాల్లో పంపుసెట్లలోకి వెళ్ళి నీళ్ళు తోడుతున్నారు. నన్ను మాస్టారు మూరలు లెక్కపెట్టి తెచ్చుకున్నారు. రెండంగుళాల తెల్ల ప్లాస్టిక్ గొట్టం మీద, చుట్టుకీ చుట్టుకీ మధ్య నైలాన్ వల దారం వేసి, నలభై రెండు చుట్లు వేశారు. చివర దారం లాగేస్తే చుట్ల మధ్య సమానంగా సందు మిగిలింది. ఆ సందే నాకు ప్రాణం. రాగి ఎంత మంచిదైనా, ఆ సందులో ఉన్నది గాలి అయితేనే నా మాట మీద నేనుంటాను.

భుజంగరావు గారు కాలేజీలో ముప్పై ఏళ్ళు ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుగా చేసి, అంతకు ముందు ఏడాదే రిటైరయ్యారు. సర్కారు పరీక్ష పాసై, ఇంట్లోంచే సొంత సెట్టుతో దూరాలకు కబుర్లు పంపుకునే హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నవారు. ఆయన దగ్గర నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి ఉంది. ప్రతి పేజీలో రెండు గళ్ళు. మొదటి గడికి పేరు 'అనుకున్నది'. రెండోదానికి 'కొలిచింది'. మొదటి గడి నింపకుండా మీటరు ముట్టుకోరు.

"ముందు అనుకోకుండా మీటరు చూడటం, పరీక్షలో పక్కవాడి పేపరు చూడటం లాంటిది" అని పిల్లలకు చెప్పేవారట. "చూశాక ఎవడైనా నాకు ముందే తెలుసంటాడు."

రెండు గళ్ళలోనూ సిరాతోనే రాస్తారు. కొట్టివేయడం లేదు, దిద్దడం లేదు. తప్పయితే తప్పుగానే ఉంటుంది.

ఆ సాయంత్రం నన్ను ఎనిమిది అడుగుల కమ్మీకి బిగించి పెరట్లో నిలబెట్టారు. ఇనప బీరువాకు, బట్టలారేసే తీగకు దూరంగా, కొయ్య స్టూలు మీద. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి, "ఏం పూజండీ మాస్టారూ?" అంది.

"పూజ కాదమ్మా, కొలత" అన్నారాయన.

డిప్ మీటరని ఒక చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని నా దగ్గరగా పట్టుకుని చక్రం తిప్పుతుంటే, నా లయ ఎక్కడ ఉందో అక్కడ దాని సూది చటుక్కున వాలుతుంది. ఊయల ఊగే లయలోనే తోస్తే చిన్న తోపుకే ఎంతో ఊగినట్టు, యాంటెనా కూడా తన లయలో వచ్చిన తరంగాన్నే బాగా పంపుతుంది. అటూ ఇటూ కొంచెం జరిగినా మూగబోతుంది. పొట్టి యాంటెనాలకు ఈ మొండితనం మరీ ఎక్కువ.

'అనుకున్నది' గడిలో మాస్టారు నా లయ 7.05 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంచారు. సూది 7.04 దగ్గర వాలింది. ఆయన లోపలికి వెళ్ళి రెండో గడి నింపి, కళ్ళజోడు తుడుచుకుని, మాడిన గిన్నె తోముకోవడానికి కూర్చున్నారు. గిన్నె తోముతూ ఒకటి రెండుసార్లు పెరటివైపు చూశారు. మెచ్చుకోవడం ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

నేను వెళ్ళవలసిన చోటు తుమ్మలంక. కృష్ణ రెండు పాయల మధ్య ఉన్న ఊరు. పసుపు, కంద, అరటి పండించే నేల. నదికి నీళ్ళొస్తే పడవ ఆగిపోతుంది, పడవ ఆగితే ఊరు ఊరంతా దీవి. టెలిఫోను లేదు. ఆ ఊరి బడిలో టీచరు హైమావతి. మాస్టారి దగ్గర బీయెస్సీ చదివి, ఆయన పట్టుబట్టి కూర్చోబెడితే రేడియో పరీక్ష కూడా పాసైంది. అంతకు ముందు ఏడు వరదలో జ్వరంతో ఉన్న ఒక ముసలాయన అవతలి ఒడ్డు చూస్తూ చూస్తూ పోయాడు. అప్పటినుంచీ ఆమెకు ఒకటే పట్టుదల. ఊళ్ళో ఒక సెట్టు ఉండాలి, నది నిండినా మాట దాటాలి. మాస్టారు తన పాత సెట్టు, ఒక లారీ బ్యాటరీ పంపారు. పంపవలసింది ఇక నేనే.

దసరా తర్వాత పంపుదామనుకున్నారు. ఆ దసరా దగ్గరే వచ్చింది చిక్కు.

మాస్టారి భార్య శేషారత్నం గారు పోయి అప్పటికి రెండేళ్ళు. మొదటి ఏడు పండగల్లేవు. ఆ ఏడు, పొద్దున్నే లేచి తలంటుకుని, ఆయుధపూజ తనే చెయ్యాలనుకున్నారు. ఆవిడ ఏటా ఆయన పనిముట్లన్నీ పీట మీద పెట్టి పూజ చేసేది. ఆయన స్నానం చేసి వచ్చేసరికి అంతా అయిపోయి, చేతికి కొబ్బరిముక్క వచ్చేది. అందువల్ల పూజ ఎలా చేస్తారో ముప్పై ఏళ్ళలో ఆయన ఒక్కసారీ చూడలేదు. తినడం మాత్రం తెలుసు.

పీట వేశారు. డిప్ మీటరు, సోల్డరింగ్ ఇనుము, స్క్రూడ్రైవర్లు, నేను. ఇత్తడి గిన్నెలో పసుపు వేసి నీళ్ళు పోశారు. నీళ్ళు ఎక్కువయ్యాయి. ఇంకాస్త పసుపు వేశారు. చివరికి గిన్నెడు తయారైంది. వృథా చేయడం ఆయనకు చేతకాదు. మీటరుకు గాజుముఖం ఉంది కాబట్టి దానికి చిన్న బొట్టు పెట్టి, మిగిలిందంతా గుమ్మానికి పూసినట్టు నాకు పూశారు. వేళ్ళతో పూశారు, మెల్లగా, ఒక్క చుట్టు కూడా వదలకుండా. నా నలభై రెండు చుట్ల సందుల్లోకీ తడి పసుపు దిగింది. పైన కుంకుమ. తర్వాత ఆయన చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డారు. ఏమడిగారో నాకు తెలియదు. కొబ్బరికాయ మాత్రం సమంగా పగిలింది.

మర్నాడు పొద్దున లంక నుంచి మనిషి వస్తాడు. ఆఖరిసారి ఒకసారి చూద్దామని ఆ మధ్యాహ్నం నన్ను మళ్ళీ పెరట్లో నిలబెట్టారు. 'అనుకున్నది' గడిలో 7.04 రాశారు. సూది 6.90 దగ్గర వాలింది.

మళ్ళీ చూశారు. 6.90.

ఆ తర్వాత మూడు గంటలు ఆయన పడిన యాతన నేను చూశాను. బట్టల తీగ విప్పేశారు. కమ్మీ పొడవు టేపుతో కొలిచారు. మీటరు బ్యాటరీ మార్చారు. స్టూలు జరిపారు. తన చేతిగడియారం తీసి ఇంట్లో పెట్టి వచ్చారు. నన్ను మాత్రం అనుమానించలేదు. నేను ఒళ్ళంతా పచ్చగా, ఆయన ముందే, ఆయన కళ్ళజోడుకు జానెడు దూరంలో ఉన్నాను. నాకు నోరుంటే చెప్పేదాన్ని. సందుల్లో గాలికి బదులు తడి ఉంటే నా లయ కిందికి జారుతుందని ఆయన పిల్లలకు పాఠం చెప్పినవారే. కానీ పూజ ఆయన లెక్కలోకి వచ్చే వస్తువు కాదు. ఆ రోజు ఆయనకు పసుపంటే పసుపు కాదు, శేషారత్నం గారు.

పొద్దు వాలేవేళకు ఆయన తన జీవితంలో చేయని పని చేశారు. కారణం తెలియకుండా మందు వేశారు. నా కొసన ఒక చుట్టున్నర తీగ విప్పి కత్తిరించేశారు. చుట్లు తగ్గితే లయ పైకి పోతుంది. సూది 7.04కి వచ్చింది. నోటుబుక్కులో రెండు గళ్ళకూ అడ్డంగా, 'చుట్టున్నర తీశాను. కారణం తెలియదు' అని రాశారు. ఆ మాటే ఒక చీటీ మీద రాసి, నన్ను బిస్కెట్ల డబ్బాలో పెట్టి, పైన చీటీ పెట్టి మూత వేశారు. మూత వేశాక కూడా కాసేపు డబ్బా మీద చెయ్యి తీయలేదు.

కత్తిరించిన ముక్క కిటికీ గట్టు మీద ఉండిపోయింది. నా ఒంట్లోంచి పోయింది జానెడు రాగి. అది ఎంత దూరమో తర్వాత తెలిసింది.

తుమ్మలంకలో మూత తీయగానే హైమావతి నవ్వింది. "మాస్టారు మంగళస్నానం చేయించి మరీ పంపారే" అంది. డబ్బాలో గాలాడక నా సందుల్లో పసుపు ఇంకా తడిగానే ఉంది. ఆమె నన్ను తుడవలేదు. గురువుగారు పెట్టిన బొట్టు తుడవడానికి చెయ్యి రాలేదు. చీటీ చదివి, మడిచి, చాక్‌పీసుల డబ్బాలో దాచింది.

బడి డాబా పిట్టగోడకు కమ్మీ కట్టి, నన్ను బిగించి, వాన పడకుండా పైన ఒక ప్లాస్టిక్ డబ్బా బోర్లించింది. కట్టడానికి సాయం వచ్చినవాడు మోకా పోలయ్య. ఊరి పడవ అతనిదే. హైమావతి అద్దెకుండేది అతని ఇంటి వసారాలోనే.

"కర్రకు బొట్టు పెట్టారు సరే" అన్నాడు పోలయ్య, ముడి బిగిస్తూ. "చీరెప్పుడు పెడతారు టీచరమ్మా?"

"నువ్వు పెట్టు. నీ పడవకన్నా ముందు ఇదే అవతలి ఒడ్డుకు పోతుంది."

"పోయిందనుకో, మనిషిని దాటించుద్దా?"

"మనిషిని దాటించే మనిషిని పిలుస్తుంది."

"అబ్బో" అన్నాడు పోలయ్య. అని ముడి ఇంకోసారి బిగించాడంటే కొంత ఒప్పుకున్నట్టే.

మర్నాడు పదిగంటలకు ఆమె సెట్టు ముందు కూర్చుని కీ నొక్కింది. మాస్టారిదీ ఆమెదీ మోర్సు భాష. టిక్కు టిక్కుమని చుక్కలూ గీతలూ. సెట్టు మీద యాంటెనా మీటరు సూది నిటారుగా లేచింది. తెనాలి నుంచి అర నిమిషంలో జవాబు వచ్చింది. మూడు రోజులు పొద్దున పదింటికి ఊరు ఊరంతా బడి దగ్గరే. ఆ మూడు రోజులూ నేను పెళ్ళిలో వియ్యపురాలిలా కూర్చున్నాను. తర్వాత బ్యాటరీ దిగిపోయింది. దాన్ని ఒడ్డుకు పంపి ఛార్జి చేయించి తెచ్చేసరికి దీపావళి సెలవులు. హైమావతి ఊరెళ్ళింది. నన్ను ఎవరూ పట్టించుకోలేదు. ఎండకు పసుపు ఎండి బీటలు వారింది. ఆపైన ముసురు పట్టింది. ఒక ఈదురుగాలికి నా మీద బోర్లించిన డబ్బా ఎగిరిపోయింది. రెండు రోజుల వాన నన్ను పసిపాపను కడిగినట్టు కడిగేసింది.

ఆ ముసురులోనే, నది ఇంకా నిండకముందు, హైమావతి ఆఖరి పడవలో తిరిగి వచ్చింది. పోలయ్య కూతురు సామ్రాజ్యానికి నెలలు నిండాయి. తొలికాన్పు. అవతలి ఒడ్డున ఆస్పత్రికి తీసుకెళ్దామని సామాను కట్టుకున్న రాత్రే నది నిండింది. పొద్దున ఎనిమిదింటికి నొప్పులు మొదలయ్యాయి. తొమ్మిదింటికి మంత్రసాని బయటికి వచ్చి, చేతులు కడుక్కుంటూ, "బిడ్డ అడ్డం తిరిగింది. నావల్ల కాదు. ఆస్పత్రికి చేర్చండి" అని చెప్పేసింది.

పోలయ్య వెంటనే పడవ విప్పాడు. ఇరవై బారలు పోయేసరికి వరద దాన్ని పుల్లలా తిప్పి మళ్ళీ లంకకే విసిరింది. గడ విరిగింది. తడిసి వచ్చి బడి మెట్ల మీద కూలబడ్డాడు. వరద రోజుల్లో అవతలి ఒడ్డున సర్కారు లాంచీ ఒకటి కట్టి ఉంచుతారు. వరదకు ఎదురు నిలిచే ఇంజను దానికుంది. కానీ ఇక్కడ ఒకరికి ప్రాణం మీదికి వచ్చిందని దానికి చెప్పేదెవరు?

"టీచరమ్మా" అన్నాడు. "మనిషిని దాటించే మనిషిని పిలుస్తానన్నావు గదా. పిలు."

పదయింది. హైమావతి కీ నొక్కింది. మీటరు సూది కదిలీ కదలనట్టు కదిలి పడుకుంది. మళ్ళీ నొక్కింది. అంతే. మాస్టారు మాత్రం వినిపిస్తున్నారు. పదింటికి ఎప్పటిలాగే పిలుస్తున్నారు. పిలిచి, ఆగి, మళ్ళీ పిలుస్తున్నారు. ఆయన మాట మాకు చేరుతోంది, మా మాట ఆయనకు చేరడం లేదు. నా బతుకులో నేను సిగ్గుపడిన రోజు అదొక్కటే.

హైమావతి ఆ గురువు శిష్యురాలు. గాభరాలో కూడా ముందు అనుకుంది, తర్వాత కొలిచింది. "తడిసింది కాబట్టి పలకడం లేదు. తుడిస్తే పలకాలి" అని పైకే అనుకుని, గొడుగు పట్టుకుని డాబా ఎక్కింది. కొంగుతో నా ఒళ్ళు ఆరేదాకా తుడిచింది. గొడుగును నా మీదికి పిట్టగోడకు కట్టి కిందికి దిగి కీ నొక్కింది. సూది లేవలేదు.

"అనుకున్నది తప్పు" అంది.

"తప్పయితే ఎట్టాగమ్మా" అన్నాడు పోలయ్య.

ఆమె మళ్ళీ పైకొచ్చి నన్ను చూస్తూ నిలబడింది. వాన గొడుగు మీద దరువు వేస్తోంది. నేను కొత్త బిందెలా మెరుస్తున్నాను. నా చుట్లు లెక్కపెట్టింది. నలభైన్నర. మళ్ళీ లెక్కపెట్టింది. చాక్‌పీసుల డబ్బాలో చీటీ గుర్తొచ్చి ఉంటుంది, 'కారణం తెలియదు' అన్న మాటను పెదవులతో రెండుసార్లు అంది. తర్వాత నా మీద ఒక వేలు పెట్టి రాసి, ఆ వేలిని చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు.

"పసుపుతో కొలిచారు" అంది, నాతోనే. "పసుపు ఉండగా కొలిచి, తీగ తీసేశారు. ఇప్పుడు పసుపు లేదు."

నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఒకరికైనా అర్థమైంది.

తీసేసిన తీగ తెనాలిలో ఉంది. ఇక్కడ అతకడానికి రాగి లేదు. ఉన్నా సోల్డరు చేయడానికి కరెంటు లేదు. కానీ ఆ ఊళ్ళో పసుపుకు కరువేముంది? ప్రతి ఇంట్లో బస్తాలున్నాయి.

"పోలయ్యా, మీ ఆవిణ్ణి పసుపు తడిపి ఇమ్మను. గట్టిగా."

పోలయ్య ఆమె ముఖంలోకి చూశాడు. ఈ అమ్మాయికి మతి పోయిందా అని ఆలోచించడానికి అతనికి తీరిక లేదు. "ఎంత?" అన్నాడు.

"పెళ్ళికూతురికి పూసేటంత."

గిన్నె వచ్చింది. ఆమె నా సందుల్లోకి పసుపు కూరింది. మాస్టారిలా మెల్లగా కాదు, పిండి పిసికినట్టు. మోర్సు రాకపోయినా కీ నొక్కి పట్టుకోవడం పోలయ్యకు వచ్చు. అతను కింద సెట్టు దగ్గర, ఆమె పైన.

"నొక్కమన్నప్పుడు నొక్కు. సూది ఎంత లేచిందో చెప్పు. వదలమంటే వెంటనే వదులు. నువ్వు నొక్కి ఉండగా నేను దీన్ని ముట్టుకుంటే నా చెయ్యి కాలుద్ది."

"నా చేతికి పనిచెప్పి నీ చెయ్యి కాల్చుకుంటావా. సరే, చెప్పు."

"నొక్కు."

"లేచింది టీచరమ్మా. సగం."

"వదులు." ఇంకొంచెం కూరింది. "నొక్కు."

"పడింది. ముందరికన్నా పడింది."

"వదులు. ఎక్కువైంది." బొటనవేలి గోటితో నాలుగు సందుల్లోంచి పసుపు గీకింది. "నొక్కు."

ఆమె పిట్టగోడ మీదుగా కిందికి వంగింది.

"పోలయ్యా?"

"నిలబడింది తల్లీ" అన్నాడు.  "కర్రలాగా నిలబడింది."

ఆమె నాకు ఒక పాలిథిన్ సంచి తొడిగి మూతి కట్టి, మెట్లు రెండేసి దిగింది. తడి పసుపు మంచి గాలిలా పనిచేయదు. అది నా బలాన్ని కొంత మింగేసింది. నేను వేడెక్కాను. పసుపు ఉడికిన వాసన వచ్చింది. అయినా నా లయ నాకు దొరికింది. కీ పలికిన ప్రతి చుక్కనూ ప్రతి గీతనూ నది మీదుగా విసిరాను. కాన్పు, బిడ్డ అడ్డం, లాంచీ పంపండి. ఇన్నే మాటలు. రెండోసారి పంపుతుండగానే మాస్టారు అందుకున్నారు. 'అందింది. వెళ్తున్నాను' అని వచ్చి, సెట్టు మౌనమైంది.

ఆయన చెప్పులు వేసుకోవడం మరిచి సైకిలెక్కారని తర్వాత విన్నాను. రెవెన్యూ ఆఫీసులో ఫోను దగ్గరున్న గుమాస్తా, తడిసి, ఒట్టి కాళ్ళతో వచ్చిన పెద్దాయన్ను చూసి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఫోను తిప్పాడట. ప్రశ్నలడగని గుమాస్తాలు కూడా లోకంలో ఉన్నారని, మాస్టారు ఈ సంగతి ఎప్పుడు చెప్పినా ముందు అతన్నే తలుచుకుంటారు.

పన్నెండు కాకముందే లాంచీ చప్పుడు వినిపించింది. సామ్రాజ్యాన్ని మంచంతో సహా ఎక్కించారు. పోలయ్య తన విరిగిన గడ పట్టుకునే లాంచీ ఎక్కాడు, ఎందుకో అతనికే తెలియదు. సాయంత్రం అయిదింటికి మాస్టారి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆపరేషను చేశారు. ఆడపిల్ల. ఇద్దరూ కులాసా. హైమావతి ఆ చుక్కల్నీ గీతల్నీ పైకి చదువుతుంటే పోలయ్య భార్య బడి అరుగు మీద కూర్చుని, పసుపు గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మెల్లగా ఏడ్చింది.

ఆ కబురు చివర మాస్టారు ఒక ప్రశ్న పంపారు. 'ఏం చేశావు?'

హైమావతి ఒకే మాట పంపింది. 'పసుపు.'

 సెట్టు గురగురలాడుతూనే ఉంది. తర్వాత 'సరే' అని మాత్రం వచ్చింది.

సంక్రాంతి సెలవులు అయిపోయాక, ఒక ఆదివారం, హైమావతి నన్ను అదే బిస్కెట్ల డబ్బాలో తెనాలి తెచ్చింది. మాస్టారు నన్ను బల్ల మీద పెట్టుకుని, పాత టూత్‌బ్రష్షుతో నా సందుల్లో ఎండిన పసుపును తోమసాగారు. పనిచేస్తూ, తలెత్తకుండా అడిగారు.

"నాకెందుకు తట్టలేదంటావు హైమా?"

"అమ్మగారు చేస్తే ఈ గొడవ వచ్చేది కాదు మాస్టారూ."

ఆయన బ్రష్షు ఆగింది.

"మేం చదువుకునే రోజుల్లో దసరాకు మీ ఇంటికి వచ్చేవాళ్ళం గదా. అమ్మగారు పనిముట్లన్నీ డబ్బాల్లో పెట్టేసి, మూతల మీదే బొట్టు పెట్టేవారు. వస్తువుకు పెట్టరేమండీ అని నేనే అడిగాను. 'వద్దమ్మా, తడి తగిలితే మీ మాస్టారి కొలతలు తేడా వస్తాయి' అన్నారు. మీరు కొలతల్లో ఉంటే గాలికి సూది కదులుతుందని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయేవారు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"మీరు అడిగారా మాస్టారూ?"

మాస్టారు నవ్వబోయారు. సగం వచ్చి ఆగిపోయింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "టీ పెడతాను, కూర్చో" అని లేచి వంటింట్లోకి వెళ్ళారు. హైమావతి వెంట వెళ్ళలేదు. అది ఆమె చేసిన మంచి పని.  తర్వాత ఆయన తెచ్చిన టీలో పంచదార రెండుసార్లు పడింది. ఆమె చుక్క మిగల్చకుండా తాగేసింది.

కిటికీ గట్టు మీది తీగముక్క ఇంకా అక్కడే ఉంది. దాన్ని తెచ్చి నా కొసకు అతికారు. అతుకు దగ్గర నాకు చిన్న బొడిపె ఉంది, చూస్తే తెలుస్తుంది. పెరట్లో నిలబెట్టారు. 'అనుకున్నది' గడిలో 7.04 రాశారు. సూది అక్కడే వాలింది. అప్పుడు పేజీలు వెనక్కి తిప్పి, 'కారణం తెలియదు' అన్న చోట ఆగారు. కొట్టివేయలేదు. దాని కింద రాశారు. 'కారణం: తడి పసుపు. కనిపెట్టినది: హైమావతి. ముందే తెలిసినది: శేషారత్నం.'

తుమ్మలంకకు నేను మళ్ళీ వెళ్ళాను. ఊరికి టెలిఫోను వచ్చేదాకా, పదకొండేళ్ళు, బడి డాబా మీద కొలువు చేశాను. ఎన్నో కబుర్లు దాటించాను. నా అతుకు ఒక్కసారీ ఊడలేదు. నా లయ ఒక్కసారీ జారలేదు. సామ్రాజ్యం కూతురు ఆ బడిలోనే అయిదో తరగతిదాకా చదివింది. పిట్టగోడ ఎక్కి నా మీద వాలిన కాకుల్ని తోలేది. నాకూ తనకూ ఉన్న సంబంధం ఆ పిల్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. నేను కూడా చెప్పలేదు.

ఇప్పుడు నేను తెనాలిలో, మాస్టారి ముందుగదిలో, గోడబీరువా రెండో అరలో, నా బిస్కెట్ల డబ్బాలో ఉన్నాను. ఆయనకు ఎనభై దాటాయి. హైమావతి హెడ్‌మిస్ట్రెస్ అయింది, నెలకోసారి వచ్చి పోతుంది. వచ్చినప్పుడల్లా పోలయ్య పంపిన లంక పసుపు పొట్లం తెస్తుంది. మాస్టారు అప్పుడప్పుడూ నన్ను తీసి కొలుస్తారు. పనికోసం కాదు. ఈమధ్య చెయ్యి వణుకుతోంది కాబట్టి సూదిని చదవడానికి రెండుసార్లు చూడాలి. ముందు మాత్రం రాస్తారు. నేను కూడా ఆయన రాసిన అంకె మీదే వాలతాను. ఈ వయసులో ఆయనకు ఆ పాటి మాట నిలబెట్టకపోతే ఎలా?

మొన్న దసరాకు పీట వేశారు. పసుపు చెంచాడే కలిపారు. నన్ను డబ్బాలో పెట్టి, మూత నొక్కి, గాలి కూడా పోదని చూసుకుని, మూత మీద ఒక బొట్టు పెట్టారు. ఎంత చిన్నదంటే, ఆయనే కళ్ళజోడు సర్దుకుని ఒకసారి వంగి చూసుకోవలసి వచ్చింది. కొబ్బరిముక్కలు రెండు చేసి, ఒకటి డబ్బా పక్కన పెట్టారు.

ఆ సాయంత్రం లైటు తీశాక గుమ్మం దగ్గర కాసేపు ఆగారు. వీధిలో పిల్లలు టపాకాయలు కాలుస్తున్నారు. ఆయన గడియ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తలుపును మెల్లగా దగ్గరికి వేశారు. లోపల ఎవరో కొలతల్లో ఉన్నట్టు, చప్పుడు కాకుండా.